ఇంక్ ట్యాంక్ ప్రింటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఉత్తరాలు, నివేదికలు, పిల్లల పాఠాలు, అప్పుడప్పుడు ఫొటోలు ముద్రించుకోవడానికి కొన్నేళ్లుగా ఒకే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వాడుతున్నాను. కొనేటప్పుడు అందరూ డీపీఐ (అంగుళానికి పడే చుక్కల సంఖ్య) ఎంత, నిమిషానికి ఎన్ని పేజీలు అని అడుగుతారు. ఇన్నేళ్ల వాడకంలో ఆ రెండు అంకెల వల్ల నాకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. సిరాను ప్రింట్ హెడ్ (కాగితం మీద సిరా చుక్కలు చిమ్మే భాగం) నుంచి విడదీసి ట్యాంకులో ఉంచడం వల్లే ఖర్చు తగ్గింది. చికాకులు కూడా చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

కేనన్ ప్రయోగశాలలో 1977లో వేడి సోల్డరింగ్ ఐరన్ సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మడం చూసి, వేడితో బుడగ పుట్టించి సిరా చుక్కను తోసే పద్ధతిని రూపొందించారు. ఇదే సూత్రంపై హెచ్‌పీ 1984లో థింక్‌జెట్ ప్రింటర్‌ను తెచ్చింది. దాని కార్ట్రిడ్జ్‌లో, అంటే మార్చుకునే సిరా డబ్బాలో, సిరా, హెడ్ కలిసే ఉండేవి కాబట్టి నాజిల్స్ (సిరా చిమ్మే సన్నని రంధ్రాలు) మూసుకుపోయినా కొత్త కార్ట్రిడ్జ్ పెడితే కొత్త హెడ్ వచ్చినట్టే. నా యంత్రంలో ఉన్నది పియెజో హెడ్. విద్యుత్తు అందగానే స్ఫటికం వంగి చుక్కను నెడుతుంది, సిరాను మరిగించదు. ఈ హెడ్ యంత్రంతోపాటే ఉండిపోయే భాగం, పాడైతే మరమ్మతు ఖర్చు తేలిగ్గా ఉండదు. వేడితో చుక్కను తోసే కొన్ని థర్మల్ ట్యాంక్ ప్రింటర్లలో హెడ్‌ను వాడుకరే మార్చుకోవచ్చు. మళ్లీ కొనాల్సి వస్తే మొదట ఆ సంగతే చూస్తాను.

సిరా నింపడం మాత్రం హాయిగా ఉంటుంది. ఒక్కో రంగు సీసా మూతి ఒక్కో ఆకారంలో ఉండి తన ట్యాంకులో తప్ప మరొకదానిలో పట్టదు, ట్యాంకు నిండగానే ధార దానంతట అదే ఆగిపోతుంది. సీసాకు ఇన్ని వేల పేజీలని పెట్టె మీద రాసేది ప్రామాణిక పరీక్షా పేజీల లెక్క. నిండా బొమ్మలున్న పేజీలకు అది వర్తించదు. పైగా మొదటి సీసాల్లో కొంత సిరా గొట్టాలు నింపడానికే పోతుంది. ఇవన్నీ తీసేసినా పాత కార్ట్రిడ్జ్ ప్రింటర్‌తో పోలిస్తే పేజీ ఖర్చు చాలా తక్కువే.

వాడకం ఆగితే నాజిల్స్‌లో సిరా ఎండుతుంది. సెలవుల్లో కదపకుండా వదిలేసిన ప్రతిసారీ అక్షరాల మీద అడ్డంగా తెల్లని చారలు కనిపించాయి. ఒకసారి హెడ్ క్లీనింగ్ చేసి, రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ పేజీ తీసి, ఫలితం అంతంతమాత్రంగా ఉంటే వెంటనే మళ్లీ మళ్లీ చేయకుండా కొన్ని గంటలు ఆగి చూడటమే మంచిదని అనుభవం చెబుతోంది, ఎందుకంటే ప్రతి క్లీనింగ్‌కూ సిరా ఖర్చవుతుంది, ఆ వృథా సిరా యంత్రం అడుగున ఉన్న ప్యాడ్‌లోకి చేరుతుంది. అది నిండితే ట్యాంకుల్లో సిరా ఉన్నా ప్రింటర్ పని ఆపేస్తుంది. నా అంతకుముందు యంత్రం ఇలాగే ఆగిపోయి సర్వీస్ సెంటర్ మెట్లెక్కించింది. ఇప్పటి యంత్రంలో ప్యాడ్ బదులు బయటి నుంచి తీసి మార్చుకోగల మెయింటెనెన్స్ బాక్స్ ఉంది. ప్రకటనల్లో దీని ఊసే ఉండదు గానీ, నా దృష్టిలో రిజల్యూషన్ పెంచడం కంటే ఇది విలువైన మెరుగుదల.

నా యంత్రంలో నలుపు పిగ్మెంట్ సిరా (సన్నని రంగు కణాలు కలిసినది), మిగతా రంగులు డై సిరాలు (రంగు పూర్తిగా కరిగినవి). పిగ్మెంట్ కణాలు కాగితం పైనే నిలుస్తాయి కాబట్టి నల్ల అక్షరాలు తడి తగిలినా చెదరవు. డై పీచులోకి ఇంకిపోతుంది, నీటి చుక్క పడితే అలుక్కుపోతుంది. సంతకానికి పంపే పత్రాల్లో రంగు గీతలు పెట్టడం మానేశాను.

నెలకోసారి నాలుగు నల్ల పేజీలు మాత్రమే తీసేవారికి దీన్ని సూచించను. లేజర్ ప్రింటర్‌లో సిరా బదులు టోనర్ అనే పొడి ఉంటుంది, అది ఫ్యూజర్ అనే వేడి రోలర్ల భాగంలో కరిగి కాగితానికి అంటుకుంటుంది, ఎన్నాళ్లు పక్కన పెట్టినా ఎండిపోయేది ఏమీ ఉండదు. రంగుల పని తరచుగా ఉండి, వారానికి ఒక్క రంగు పేజీ అయినా తీయగలిగినవారికే ట్యాంక్ ప్రింటర్ గిట్టుబాటవుతుంది.