ఒక స్టార్ ఇచ్చిన హెడ్ మైక్‌కి ఇప్పుడు నాలుగు ఇస్తున్నాను

మూడు నెలల క్రితం ఇదే మైక్‌కి ఒక స్టార్ ఇచ్చి, "ధబ్ ధబ్‌మని కొడుతుంది, నాలుగో షోకే మూగబోయింది, కొనకండి" అని రాశాను. ఆ మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం మాత్రం ఇప్పటికీ నిజమే.

నేను చేతిబొమ్మలు ఆడిస్తాను. కుడి చేతికి నక్క, ఎడమ చేతికి ముసలమ్మ. మైక్ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. కాలర్ మైక్ వాడితే నక్క వైపు తల తిప్పినప్పుడు గొంతు పూర్తిగా పలచబడేది. తల ఎటు తిరిగితే మైకూ అటే తిరగాలి, అందుకే చెవులకు తగిలించుకునే ఈ మైక్ కొన్నాను. ఈ ఇబ్బంది నా ఒక్కదానిదే కాదులెండి. 1979 టూర్‌లో గాయని కేట్ బుష్ పాడుతూ నాట్యం చేయాలనుకుంటే, సౌండ్ ఇంజనీరు బట్టల హ్యాంగర్ తీగను వంచి ఆమె తలకు మైక్ అమర్చాడు. ఇప్పుడు మనం పెట్టుకునేది అంతకంటే సన్నగా, నాజూగ్గా ఉంటుంది, అంతే.

నాజూగ్గా ఉందని నేను చేసిన మొదటి తప్పు, మైక్ మొనను సరిగ్గా పెదాల ముందుకు లాక్కోవడం. నోటికి ఎదురుగా ఉంటేనే బాగా వినిపిస్తుందనుకున్నాను. ప, బ పలికినప్పుడల్లా స్పీకర్లో చిన్న తోపు. ఫ, భ లాంటి వత్తక్షరాలు వస్తే ఇక తలుపు బాదినట్టే. నా కథలో భల్లూకం ఒకటి ఉంది, దాని పేరు ఎత్తాలంటేనే టెన్షన్.

సౌండ్ చూసే కుర్రాడు ఒక సాయంత్రం విసిగిపోయి వేదిక మీదకే వచ్చేశాడు. "అమ్మా, అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'ఫ' అనండి. గాలి ఎక్కడ తగులుతోంది? ఆ దారిలో మైక్ ఉండకూడదు" అన్నాడు. తర్వాత మొనను నా బుగ్గ మీదుగా వెనక్కి జరిపి, నోటి మూల నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో ఆపాడు. బుగ్గకు దగ్గరగా, కానీ చర్మానికి రాసుకోకుండా. భల్లూకం ఆ రోజే తొలిసారి మర్యాదగా ప్రవేశించింది.

ఆ రెండు సెంటీమీటర్లు ఎందుకంత ముఖ్యమో కూడా అతనే చెప్పాడు. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. చేతిమైక్ 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఇంకో రెండు సెంటీమీటర్లు జరిగినా తేడా ఒక డెసిబెల్ పైచిలుకే. ఇక్కడ అదే రెండు జారితే రెండు నాలుగవుతుంది, గొంతు గబుక్కున తగ్గిపోతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి అతను గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే మీట, పెంచుతాడు, స్పీకర్లు కూత పెడతాయి. జనం అందరూ అతని వైపే చూస్తారు, పాపం.

నాది ఆమ్నీ, అంటే అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకునే రకం. మొన కాస్త పక్కకు తిరిగినా ఇబ్బంది పెట్టదు, ఊపిరి చప్పుడూ తక్కువే. కాకపోతే వెనకాల స్పీకర్లున్న వేదికల మీద త్వరగా కూస్తుంది. డ్రమ్స్ పక్కన నిలబడి పాడేవాళ్లు కార్డియాయిడ్, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే రకం చూసుకోవడం మేలు, కానీ దాని ముఖం ఎప్పుడూ నోటి వైపే ఉండాలి.

ఇక నా రెండో ఫిర్యాదు, మూగబోవడం. గంటసేపు చేతులు పైకెత్తి ఆడించేసరికి కణత మీద నుంచి చెమట కారి, మైక్ కాడ పట్టుకుని జారుతూ మొన మీదున్న సన్నటి రంధ్రాల దగ్గర ఆగేది. నీటి బొట్టు అక్కడ కూర్చుంటే పై స్వరాలన్నీ పోతాయి. ముసలమ్మ దిండు కింద నుంచి మాట్లాడినట్టుంటుంది. నేను మైక్ చచ్చిపోయిందనుకుని, ఆ కోపంలోనే ఒక స్టార్ కొట్టేశాను. మర్నాటికి అది ఎండిపోయి మామూలుగా పలికింది. అప్పుడైనా వచ్చి దిద్దుకోవాల్సింది, మొహమాటం వేసింది.

దీనికి మందు దారం ముక్క. మొనకు ఒక సెంటీమీటరు వెనకగా, రంధ్రాలకు తగలకుండా, కాడ చుట్టూ నాలుగు చుట్లు తిప్పి ముడి వేస్తే చిన్న గట్టు తయారవుతుంది. జారిన చెమట ఆ గట్టు దగ్గర ఆగి కిందికి రాలిపోతుంది. కొన్ని మైకులకు ఇలాంటి రింగు ముందే ఉంటుంది. దీనికి లేదు.

పెట్టుకునే పద్ధతికి వస్తే, నాకు కళ్లజోడుంది. ముందు మైక్ కొక్కేలు చెవులకు తగిలించి, ఆ తర్వాత జోడు పెట్టుకుంటాను. తలకిందులుగా చేస్తే జోడు తీసిన ప్రతిసారీ మైక్ కూడా ఊడొస్తుంది. కొక్కెం తీగ కాస్త బిరుసు. ముఖం మీద ఉండగా వంచకండి, తీసి చేతిలో పట్టుకుని కొంచెం కొంచెంగా వంచి చూసుకోండి. మొన పక్కనున్న భాగాన్ని అసలు వంచొద్దు. ఒకే చోట పదేపదే వంచితే ఏ తీగైనా విరుగుతుంది.

వైరు చెవి వెనక నుంచి మెడ మీదకు దింపి, జుట్టు మొదలుకు కింద సర్జికల్ టేపుతో అంటిస్తాను. అంటించే ముందు గడ్డం ఛాతీకి ఆనించి, తల పైకెత్తి, రెండు పక్కలకూ తిప్పి చూసుకుంటాను. వైరు అన్ని వైపులకూ అందుతోందంటేనే టేపు. బిగుతుగా అంటించి తల ఊపితే మైక్ నోటి దగ్గర నుంచి పారిపోతుంది. మైక్ శబ్దాన్ని వైర్‌లెస్‌గా పంపే ట్రాన్స్‌మిటర్ డబ్బీ నడుముకు, దాని యాంటెన్నా మడతపడకుండా, ఒంటికి అతుక్కోకుండా ఉండాలి. సౌండ్ చెక్‌లో హలో హలో అని ఊరుకోను. నక్క ఊళ వేస్తాను. గెయిన్ పెట్టాల్సింది మనం వేసే అతి పెద్ద కేకకు.

షో అయ్యాక పది నిమిషాలు దీనికే. కాడనూ వైరునూ కొద్దిగా తడిపిన గుడ్డతో తుడుస్తాను, మొన దగ్గర మాత్రం పొడిగుడ్డే. మొనకు తొడిగే ఫోమ్ టోపీ విడిగా తీసి సబ్బునీళ్లలో పిండి, పూర్తిగా ఆరాకే తొడుగుతాను. మొనలోకి నోటితో ఊదడం, స్ప్రే కొట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం ఏదీ చేయను. లోపలి పొర చాలా పలచన, గాలి దెబ్బకే పోతుంది. హెయిర్ స్ప్రే వాడేవాళ్లు అది ఆరాకే మైక్ పెట్టుకోండి, ఆ జిగురు రంధ్రాల్లో పడితే చెమటలా ఆరిపోదు. చివరికి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత బిగుతు డబ్బాలో పడుకోబెడతాను. ట్రాన్స్‌మిటర్‌లో బ్యాటరీలు తీసేస్తాను.

వెనక్కి తీసుకోని సగం ఇదీ. దీంతో ఇచ్చిన పెట్టె మరీ చిన్నది. వైరును వేలి చుట్టూ తిప్పినట్టు బిగించి చుడితే తప్ప మూత పడదు. అలా చుట్టిన వైరు పిన్ను మెడ దగ్గరే ముందు తెగుతుంది. అరచేతి వెడల్పున వదులుగా చుట్టి వేరే డబ్బాలో పెట్టుకోండి. కాలర్ క్లిప్పు వారానికే పట్టు వదిలేసింది. పిన్ను సంగతి కూడా కొనేముందే చూసుకోండి. షూర్ ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి నాలుగు పిన్నుల చిన్న జాక్ కావాలి, సెన్‌హైజర్ వాటిలో చాలావాటికి మర తిప్పి బిగించే 3.5 మిల్లీమీటర్ల పిన్ను. నా ట్రాన్స్‌మిటర్‌కు సరిపడే అడాప్టర్ పెట్టెలో లేదు, విడిగా తెప్పించుకునేసరికి ఒక షో పోయింది. ఎలా పెట్టుకోవాలో చెప్పే కాగితంలో ఒక్కటంటే ఒక్క బొమ్మ, అందులో మైక్ సరిగ్గా పెదాల ముందే ఉంది! తప్పు పూర్తిగా నాదే అనను.

అన్నట్టు, దారం చర్మం రంగుదే వాడండి. నేను మొదట చేతికందిన నల్లదారం కట్టాను. కథ మధ్యలో ముందు వరసలో కూర్చున్న పాప లేచి నిలబడి, "ఆంటీ, మీ బుగ్గ మీద చీమ!" అని అరిచింది. ఆ తర్వాత నక్క ఏం చెప్పినా ఎవరూ వినలేదు.