జిల్లా జడ్జి దగ్గర అప్పీలా, కటక్‌లో రివిజనా: ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు దావా ఓడినవాళ్లు ముందుగా అడిగేది ఇదే: "మళ్లీ జిల్లా కోర్టు చుట్టూ తిరగడమెందుకు, నేరుగా కటక్ హైకోర్టులో రివిజన్ వేసేస్తే పోదా?" రివిజన్ అంటే కింది కోర్టు తన అధికారం మేరకే నడిచిందా అని హైకోర్టు చూడటం. ఫీజు లెక్క చూస్తే ఆ ఆశ సహజమే. అప్పీలుకు కోర్టు ఫీజు దావా విలువను బట్టి పడుతుంది.

కాని అప్పీలుకు వీలున్న డిక్రీని (దావాను తేల్చే కోర్టు ఉత్తర్వును) రివిజన్‌లో మార్చకూడదని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 115(2) చెబుతోంది. క్రిమినల్ కేసులోనూ అంతే. అప్పీలుకు వీలుండీ వేయనివాళ్ల రివిజన్‌ను బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 442(4) అడ్డుకుంటుంది. పొరపాటున వేసినదాన్ని హైకోర్టు అప్పీలుగా తీసుకోవచ్చు గాని, ఆ ధీమాతో కటక్ రైలెక్కితే ఈలోగా గడువు దాటిపోతుంది.

అసలు తేడా సాక్ష్యం దగ్గరుంది. సీపీసీ 96వ సెక్షన్ కింద వేసే మొదటి అప్పీలులో జిల్లా జడ్జి సాక్షుల వాంగ్మూలాలు, దస్తావేజులు అన్నీ మళ్లీ తూచి చూడాలి. ఆ తర్వాత 100వ సెక్షన్ కింద హైకోర్టుకి రెండో అప్పీలుతో వెళితే గట్టి న్యాయప్రశ్న ఉంటేనే వింటారు. "సాక్షిని నమ్మకుండా ఉండాల్సింది" అన్న వాదన అక్కడ నిలవదు.

మన తెలుగువాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1936కు ముందు ఈ తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి ఇళ్లల్లో పాత క్రయదస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి. కోర్టుకి వెళ్లేది వాటి అనువాదం. దస్తావేజులో "గరువు" (మెట్ట నేల) అని ఉన్నదాన్ని అనువాదకుడు వరిభూమి అని రాస్తే, భూమి గుర్తింపే మారిపోతుంది. ఇలాంటి తప్పును మొదటి అప్పీలు గ్రౌండ్స్‌లోనే (అప్పీలుకు చూపే కారణాల్లోనే), దస్తావేజుకు కోర్టు వేసిన ఎగ్జిబిట్ నంబరు, పంక్తి చూపించి రాయాలి. అక్కడ వదిలేస్తే కటక్‌లో దాన్ని లేవనెత్తడం చాలా కష్టం. అందుకే నా ఓటు మొదటి అప్పీలుకే, ఖర్చెక్కువైనా సరే.

ఇక సివిల్ అప్పీలు గడువు. జిల్లా కోర్టుకి 30 రోజులు, హైకోర్టుకి 90. తీర్పు నకలుకు పట్టిన రోజులు మినహాయింపు. జూన్ 3న తీర్పు, 10న నకలు దరఖాస్తు, 25న సిద్ధం అనుకుందాం. 30 రోజులు జులై 3కి అయిపోతాయి, నకలుకు పట్టిన 16 రోజులు కలిపితే జులై 19 వరకు సమయం. నకలు సిద్ధమయ్యాక మీరు తీసుకోకుండా జాప్యం చేసిన రోజులు ఇందులో కలవవు. దరఖాస్తు పెట్టకముందు డిక్రీ రాయడానికి కోర్టు తీసుకున్న రోజులూ కలవవు. తీర్పు చెప్పిన రోజునే దరఖాస్తు పెట్టమనేది ఇందుకే.

రివిజన్‌కు చోటెక్కడ? దావా కాగితాల్లో మార్పు కోరిన సవరణ పిటిషన్ కొట్టేశారు, స్థలం చూసొచ్చే కమిషనర్‌ను వేయనన్నారు, ఇలాంటి మధ్యంతర ఉత్తర్వుల మీద అప్పీలు లేదు. 2002లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణ తర్వాత వీటిలో చాలావాటికి రివిజన్ కూడా లేదు, రాజ్యాంగం 227వ అధికరణం కిందే హైకోర్టుకి వెళ్లాలి. తాత్కాలిక ఇంజంక్షన్ మాత్రం వేరు, దానికి సీపీసీ ఆర్డర్ 43 కింద అప్పీలుంది. రివ్యూ అంటారా, అదే జడ్జి ముందు, కంటికి కనిపించే తప్పు, ఎంత వెతికినా ముందు దొరకని కొత్త సాక్ష్యం లాంటి కారణముంటేనే.

మహారాష్ట్రలో సిరొంచవాళ్లకు హైకోర్టు అంటే నాగపూర్ బెంచి, నాందేడ్‌వాళ్లకు ఔరంగాబాద్ బెంచి. మిగతా లెక్క ఇదే.

అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు. స్టే విడిగా అడగాలి. డబ్బు డిక్రీ అయితే సొమ్ము కట్టాలి లేదా పూచీ చూపాలి. క్రిమినల్‌లో శిక్ష మూడేళ్లు మించకపోతే, అప్పటికి బెయిల్ మీదుంటే, అప్పీలు వేసుకునేంతవరకు శిక్ష వేసిన కోర్టే సాధారణంగా బెయిల్ మీద వదులుతుంది. కాబట్టి తీర్పు రోజున జామీనుదారును వెంటబెట్టుకుని వెళ్లండి.