దొంగ గోడ దూకి పారిపోతుంటే: మన చట్టం మేలా, టెక్సాస్ చట్టం మేలా?

రాత్రి రెండు గంటలు. పెరటి తలుపు గొళ్లెం ఊడగొట్టి దొంగ లోపలికొచ్చాడు. మీరు ఉలిక్కిపడి లేచి, మూలనున్న గడ్డపార అందుకున్నారు. చట్టం ఎంతవరకు మీ వెనక ఉంటుంది?

ఐపీసీ స్థానంలో వచ్చిన మన నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడినవాడిని ఆపడానికి ప్రాణం తీయాల్సివచ్చినా అది నేరం కాదు. అయితే అవసరానికి మించి ఒక్క దెబ్బ కూడా వేయకూడదు. ఇప్పుడు వాడు మిమ్మల్ని చూసి, నగల సంచితో గోడ దూకాడనుకోండి. అక్కడ లెక్క మారిపోతుంది. చొరబాటు సాగుతున్నంతసేపే ప్రాణం తీసేదాకా వెళ్లే ఆ హక్కు అని 43వ సెక్షన్ అంటుంది. వెంటపడొచ్చు, పట్టుకోవచ్చు, సంచి లాక్కోవచ్చు. మీ ప్రాణానికి ముప్పు లేనప్పుడు వెనక నుంచి తల మీద గడ్డపార దించితే మాత్రం కేసు మీ మీదికొస్తుంది.

అదే దొంగ డల్లాస్‌లో ఉంటున్న మనవాళ్ల ఇంట్లో పడితే? టెక్సాస్ పీనల్ కోడ్ 9.42 ప్రకారం, రాత్రిపూట దొంగిలించిన సొత్తుతో పారిపోతున్నవాడిని కాల్చినా సమర్థించుకునే దారి ఉంది. సొత్తును కాపాడుకోడానికి వేరే మార్గం లేదని, లేదా తక్కువ బలంతో ఆపబోతే తన ప్రాణానికే ప్రమాదమని సహేతుకంగా నమ్మి ఉండాలి.

ఒంటరి ఇళ్లలో ఉండేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. 112కి ఫోన్ చేసినా పోలీసులు వచ్చేలోపు జరగాల్సింది జరిగిపోవచ్చు. అయినా నా ఓటు మన చట్టానికే. రెండు తులాల గొలుసు మళ్లీ కొనుక్కోవచ్చు. చీకట్లో పరుగెత్తేది దొంగేనని ఎంత ఖాయం? తాగి ఇల్లు తప్పొచ్చిన పక్కింటి కుర్రాడు కూడా కావచ్చు.

మనది భయపడ్డవాడి మీద కఠినంగా ఉండే చట్టమూ కాదు. ఆ క్షణంలో దెబ్బను తూకం వేసి కొట్టమని అడగలేమని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో స్పష్టంగానే చెప్పింది. ఆత్మరక్షణ అని చూపించాల్సింది నిందితుడే, కానీ అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు.

దొంగను పట్టుకుని కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టడాన్ని మాత్రం ఈ సెక్షన్లేవీ కాపాడవు. చేతులు కట్టేసినవాడి వల్ల ఎవరికి ప్రాణభయం? వాడు పోతే, తలో దెబ్బ వేసినవాళ్లందరూ హత్య కేసులో ఇరుక్కోవచ్చు.