గండికోట, బెలుం, ఔకు: చెవితో చేసిన ప్రయాణం

గండికోటలో ఎక్కడ బస చేయాలన్నది అనంతపురం నుంచి వెళ్లేవారు అడిగే మొదటి ప్రశ్న. నా జవాబు హరిత హోటల్. గదులు సాదాసీదాగా ఉంటాయి, భోజనంలో ఎంచుకోవడానికి పెద్దగా ఉండదు, కానీ రాత్రి తొందరగా ఆవరణ సద్దుమణుగుతుంది. మేము ముందు దిగింది అక్కడ కాదు, లోయకు దగ్గరలో ఒక ప్రైవేటు గుడారాల శిబిరంలో. పరుపులు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. రాగిసంగటి, నాటుకోడి పులుసు వేడివేడిగా వడ్డించారు. ఆ తర్వాత రెండు పెద్ద స్పీకర్లు తెచ్చి అర్ధరాత్రి దాటేదాకా పాటలు మోగించారు. పక్క గుడారంలో పసిబిడ్డ ఏడుస్తోందని చెప్పినా తగ్గించలేదు. పెన్నా కోసిన ఆ లోయలో ప్రతి దరువూ ఎదుటి రాతిగోడకు తగిలి మళ్లీ వినిపించేది. తెల్లవారగానే హరితకు మారిపోయాం.

శబ్దాన్ని ఈసారి ఇంతగా పట్టించుకోవడానికి కారణం వెంట వచ్చిన మా అన్నయ్య కూతురు. కెనడా పశ్చిమ తీరంలో ఉండి సముద్రంలోని ధ్వనుల గురించి చదువుకుంటోంది. సెలవులకు తాడిపత్రి వచ్చినప్పుడు ఒక హైడ్రోఫోన్ కూడా తెచ్చుకుంది. నీటిలోకి దింపి వినే మైకు అది.

కోట చూడడానికి ఒక పూట సరిపోతుంది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచి చేరుకునే దూరంలోనే ఉన్నాయి. లోయ అంచున చాలాచోట్ల కటకటాలు లేవు. పిల్లలతో వెళ్లేవారు వాళ్ల చేయి వదలకూడదు. సూర్యోదయానికి వెళ్లండి. ఆ వేళ నీటికాకుల రెక్కల చప్పుడు కూడా పైదాకా వినబడుతుంది.

బెలుం గుహలకు తాడిపత్రి మీదుగా వెళ్లాం. దారిలో ఉగ్గాని, బజ్జి తిన్నాం. దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, బాగుంది. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క ఎక్కువ, కొన్నిచోట్ల వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పాతాళగంగ దాకా దిగకుండా మధ్యలో ఆగడం మేలు. మాకు దొరికిన గైడు ఓపికగా, తప్పుల్లేకుండా చెప్పాడు. ధ్యానమందిరం దగ్గర మాత్రం గుంపులు గుంపులుగా వచ్చినవాళ్లు ప్రతిధ్వని కోసం కేకలు పెడుతున్నారు. అక్కడ ఒక్క నిమిషం అందరినీ మౌనంగా ఉంచితే ఆ చోటు ఏమిటో తెలిసేది.

ఈ ప్రయాణంలో ఎక్కువ సేపు గడిపింది, ఎక్కువ నేర్చుకున్నది ఔకు జలాశయం దగ్గర. ఎర్రమల కొండల మధ్య నీళ్లు నిండుగా ఉన్నాయి. సిబ్బంది లైఫ్ జాకెట్ల తాళ్లు తామే బిగించి, సరిచూసుకున్నాకే పడవ ఎక్కించారు. ఆ శ్రద్ధకు పూర్తి మార్కులు వేస్తాను. పడవ ఇంజను మాత్రం చెవులు హోరెత్తించింది. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే.

నీటి మధ్యకు చేరాక మా అన్నయ్య కూతురు అడగగానే పడవ నడిపే ఆయన ఇంజను ఆపాడు. హైడ్రోఫోన్ దింపి నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. మొదట నీరు పడవను తడిమే గలగల, దాని వెనుక ఎక్కడో సన్నని చిటపట. కాసేపటికి ఒక గరగర మొదలై పెరుగుతూ వచ్చింది. తల ఎత్తి చూస్తే ఏమీ కనబడలేదు, హెడ్‌ఫోన్లు తీస్తే ఏమీ వినబడలేదు. చాలాసేపటికి కొండ మలుపు దాటి ఒక స్పీడ్ బోటు వచ్చింది.

"గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది అత్తా. పైగా చాలా దూరం పోయినా బలం అంతగా తగ్గదు" అంది.

ఆమె పని చేసేది కిల్లర్ వేల్స్ అని కూడా పిలిచే ఓర్కాల మీద. వాంకోవర్, సియాటిల్ నగరాలున్న సేలిష్ సముద్రంలో ఏళ్లుగా తిరిగే ఒక ఓర్కా సమూహంలో ఇప్పుడు ఇంచుమించు 75 మాత్రమే మిగిలాయి. అవి చినూక్ సాల్మన్ చేపలను శబ్దంతోనే వెతుకుతాయి. టకటకమని ధ్వనులు వదిలి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి జాడ పడతాయి. ఓడల రొద ఆ ప్రతిధ్వనిని మింగేస్తే వాటికి తిండి దొరకదు. అందుకే వాంకోవర్ నౌకాశ్రయం 2017 నుంచి ఆ సముద్రంలోని హారో జలసంధిలో నెమ్మదిగా వెళ్లమని ఓడలను కోరుతోంది. ఎక్కువ ఓడలు స్వచ్ఛందంగానే పాటిస్తున్నాయి.

నన్ను బాగా కదిలించింది మరో సంగతి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్నాళ్లు కెనడా తూర్పు తీరంలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గాయి. నీటిలో రొద ఆరు డెసిబెల్స్ పడిపోయింది. అదే సమయంలో అక్కడి రైట్ వేల్ జాతి తిమింగలాల మలాన్ని పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్ల ఆనవాళ్లు తగ్గినట్టు తేలింది. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అంటే అంతకుముందు ఆ జీవాలు ప్రతిరోజూ ఆ ఒత్తిడిలోనే బతికాయన్నమాట. ఆ మాట విన్నాక మళ్లీ ఇంజను వేయమని పడవ నడిపే ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఔకులో తిమింగలాలు లేవు, నిజమే. బొచ్చె, రాగండి ఉన్నాయి. ఆ జాతి చేపల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవిదాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుందని, అందువల్ల చాలా చేపలకంటే వాటికి బాగా వినబడుతుందని మా అమ్మాయి చెప్పింది. మనం సరదాకు తిరిగే నీరు వాటి ఇల్లు.

విద్యుత్ పడవలు వస్తే ఈ బాధ పోతుందా? చాలావరకు పోతుంది, పూర్తిగా కాదు. ఇంజనులో ఇంధనం మండే మోత, దాని అదురు ఉండవు. కానీ వేగం పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగులుతాయి. పెద్ద ఓడల రొదలో ముఖ్యభాగం అదే. బ్యాటరీ పడవనైనా దూకుడుగా నడిపితే ఆ రొద తప్పదు. నెమ్మదిగా నడిపితేనే అసలు లాభం. ఐస్‌లాండ్‌లోని హుసావిక్‌లో తిమింగలాలను చూపించే ఓపల్ అనే తెరచాప ఓడకు 2015లో విద్యుత్ మోటారు అమర్చారు. గాలికి సాగేటప్పుడు దాని ప్రొపెల్లరే తిరిగి బ్యాటరీలను నింపుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. కేరళలో వైక్కం దగ్గర వేంబనాడ్ సరస్సు మీద 75 మందిని ఎక్కించుకునే ఆదిత్య అనే సౌర పడవ 2017 జనవరిలో మొదలైంది. కొచ్చి వాటర్ మెట్రో పడవలు 2023 నుంచి బ్యాటరీలతో నడుస్తున్నాయి. ఔకులో పడవ కాసేపు తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. అలలు తక్కువ, ఎండకు కొదవ లేదు. ఇంతకంటే అనువైన చోటు సీమలో నాకు తోచడం లేదు. పడవ నడిపే ఆయనా ఇదే మాట అన్నాడు: "రోజంతా ఈ మోతలో ఉంటే ఇంటికి పోయినాక కూడా చెవుల్లో మోగుతూనే ఉంటుందమ్మా."

వెళ్లేవారు సెలవుదినాలు కాక మామూలు రోజుల్లో, పొద్దున్నే వెళ్లండి. ఒడ్డున నీడ తక్కువ, తాగునీరు వెంట ఉంచుకోండి. స్పీడ్ బోటు కాకుండా పెద్ద పడవ ఎంచుకోండి. మధ్యలో కాసేపు ఇంజను ఆపమని అడగండి, మాకు కాదనలేదు. సిబ్బంది అభిప్రాయాల పుస్తకం ఇస్తే మా అమ్మాయి అందులో ఒక విద్యుత్ పడవను ప్రయోగంగా నడపమని, ఒడ్డు దగ్గర వేగానికి పరిమితి పెట్టమని రాసింది. కింద నేనూ సంతకం చేశాను. మీరు వెళ్లినప్పుడు మీరూ రాయండి.