జీతమిచ్చి నేర్పే టీచర్ ట్రైనింగ్ (ఇంగ్లండ్): ఏడాది చేశాక నా రివ్యూ, 5కి 3.5

ఇక్కడ ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే మా ఊళ్ళో ఎవరింట్లో ఫంక్షన్‌కెళ్ళినా ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి ఒకరైనా అడుగుతున్నారు, "ఫీజు కట్టక్కర్లేదట, పైగా జీతమిస్తారట, నిజమేనా అక్కా" అని. నిజమే. కానీ సగమే నిజం, అందుకే ఒకసారి మొత్తం రాసేస్తున్నా.

నేను బీఎస్సీ చేశా, బీఈడీ లేదు. పిల్లలు స్కూల్‌కెళ్ళడం మొదలయ్యాక ఒక గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో రెండేళ్ళు టీచింగ్ అసిస్టెంట్‌గా చేశా, అక్కడి హెడ్ టీచరే పిలిచి పోస్ట్‌గ్రాడ్యుయేట్ టీచింగ్ అప్రెంటిస్‌షిప్ చేస్తావా అన్నారు. 2018లో మొదలైన రూటు ఇది. ట్రైనింగ్ ఖర్చు అప్రెంటిస్‌షిప్ ఫండ్ నుంచి వస్తుంది, జీతం మాత్రం స్కూలే ఇవ్వాలి. పెద్ద కంపెనీలు, పెద్ద స్కూల్ గ్రూపులు జీతాల బిల్లులోంచి 0.5 శాతం కడతాయే, ఆ డబ్బే ఈ ఫండ్. వినడానికి బాగుంది గానీ ప్రైమరీ స్కూళ్ళ దగ్గర జీతానికి డబ్బెక్కడిది, అందుకే సీట్లు చాలా తక్కువ, నాలాగా ఆల్రెడీ లోపలున్నవాళ్ళకే ఎక్కువగా దొరుకుతాయి. బయట నుంచి అప్లై చేసిన మా ఫ్రెండ్‌కి మూడు చోట్ల నో అన్నారు. స్కూల్ వీసా స్పాన్సర్ చేయాల్సిన పరిస్థితి అయితే ఇంకా కష్టం, నాకు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

డబ్బు సంగతికొద్దాం, అందరికీ కావాల్సింది అదేగా. నేను 2024 సెప్టెంబర్‌లో చేరా. క్వాలిఫై కాని టీచర్ల స్కేల్లో అట్టడుగు మెట్టు, లండన్ బయట ఏడాదికి 21,731 పౌండ్లు. టాక్స్, ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్), పెన్షన్ పోగా నెలకి 1,500 కూడా చేతికి రాలేదు. అదే ఏడాది ఫీజు కట్టే మామూలు రూట్లో లెక్కల టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళినవాళ్ళకి 28,000 బర్సరీ (గవర్నమెంట్ ఇచ్చే స్టైపెండ్ లాంటిది), దానికి టాక్స్ లేదు, ఫీజు 9,250 కట్టేసినా 18,750 మిగులుతుంది. అంటే జీతం తీసుకున్న నాకంటే వాళ్ళ చేతికే ఎక్కువొచ్చింది! ఈ లెక్క నాకు ముందు ఎవరూ చెప్పలేదు. కాబట్టి మీది మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటింగ్ అయితే జీతం అనే మాట వినగానే పరిగెత్తకండి, బర్సరీ వస్తుందేమో చూసుకోండి. ప్రైమరీ వాళ్ళకి బర్సరీ లేదు, మనకి ఈ రూటు బంగారమే. ఇండియాలో బీఈడీ చేసి హైస్కూల్లో లెక్కలో సైన్సో చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళయితే అసలు ట్రైనింగే అక్కర్లేకపోవచ్చు, 2023 నుంచి క్యూటీఎస్‌కి (ఇక్కడ క్వాలిఫైడ్ టీచర్ అనే గుర్తింపు) డైరెక్ట్‌గా అప్లై చేసే వీలుంది, ముందు అది కనుక్కోండి.

ఇక నేర్పించడం. వారానికి ఒక రోజు ట్రైనింగ్, మిగతా నాలుగు రోజులు క్లాసులో. మా మెంటర్‌కి మాత్రం 5కి 6 ఇస్తా. అక్టోబర్‌లో ఇయర్ వన్ (ఐదారేళ్ళ) పిల్లలకి ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, చెప్తున్నా, ఆవిడ వెనకాల చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని రాసుకుంటోంది. నేను సి ఏ టి కార్డులు చూపించి "క, ఆ, ట" అంటున్నా, పిల్లలు కూడా క-ఆ-ట, క-ఆ-ట అని అరుస్తున్నారు, ఒక్కడికీ క్యాట్ రావట్లేదు. అయిపోయాక ఆవిడ ఒకటే అంది, ప్రతి శబ్దం చివర అకారం తగిలిస్తున్నావు, అది తీసెయ్ అని. అరె, ఇది పొల్లు కదా! క కాదు క్, ట కాదు ట్. చిన్నప్పుడు పలక మీద మా అమ్మ దిద్దించిందే. ఆ రాత్రి వంట చేస్తూ క్, ట్, మ్ అని గొణుక్కుంటుంటే మా ఆయన ఎక్కిళ్ళా అనడిగాడు. మర్నాడు నలుగురు చదివేశారు. ఏడాదంతా కాలేజీలో కూర్చుని చదివినా ఇది నాకు ఎక్కేది కాదు.

మరి ఒకటిన్నర ఎందుకు తీసేశానంటే, జీతమిస్తున్నారు కాబట్టి వాడుకుంటారు. జనవరిలో ఇద్దరు టీచర్లు ఫ్లూతో రాకపోతే సప్లై టీచర్‌ని (బయట నుంచి రోజువారీగా వచ్చే టీచర్) పిలిస్తే ఖర్చని నన్ను ఇయర్ ఫైవ్ క్లాసుకి పంపారు, ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు. నా ట్రైనింగ్ రోజు కూడా రెండుసార్లు పోయింది, అసైన్‌మెంట్లు రాత్రి పదకొండుకి మొదలెట్టేదాన్ని. ఫీజు కట్టే ట్రైనీని అయితే అలా పంపగలరా? ఇంటర్వ్యూలోనే అడగండి, ఎవరైనా రాకపోతే నన్ను వేస్తారా, నా ట్రైనింగ్ రోజుకి గ్యారంటీ ఏంటి అని. అడగడానికి మొహమాటపడ్డా, నాదే తప్పు.

రెండో స్కూల్లో కొన్ని వారాలు చేయాలి, అది బాగానే జరిగింది, చెప్పడానికేం లేదు. జులైలో క్యూటీఎస్ వచ్చింది, ఇప్పుడు కొత్త టీచర్లకుండే రెండేళ్ళ ఇండక్షన్‌లో ఉన్నా.

మా నాన్న 398 టీచర్. తెలిసినవాళ్ళకి తెలుసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్పెషల్ టీచర్లని తీసుకుని నెలకి 398 రూపాయలిచ్చారు, ఆ సర్వీసు లెక్కలోకి వేయలేదని నోషనల్ ఇంక్రిమెంట్ల (ఆ కాలాన్ని లెక్కలో కలిపి వేసే జీతం పెంపు) కోసం ఎన్నేళ్ళు తిరిగారో. నేను చేరానని ఫోన్ చేసి చెప్తే జీతమెంత అని అడగలేదు, "ట్రైనింగ్ కాలం సర్వీసులో కలుపుతారా అమ్మా, కాగితం మీద రాయించుకున్నావా" అన్నారు. మొదటి నెల పేస్లిప్ ఫోటో పంపించా. టీచర్స్ పెన్షన్ అనే లైన్ చుట్టూ ఎర్రగా గుండ్రం చుట్టి వెనక్కి పంపారు.