ఆ మెత్తటి లైనింగే కొంప ముంచింది

హ్యూస్టన్‌లో గ్యాస్ స్టేషన్ నడుపుతాను. రాత్రి క్యాష్ పట్టుకుని కారు దాకా వెళ్ళేటప్పుడు నడుముకి పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 36 ఉంటుంది, ఐదు గుళ్ళ రివాల్వర్. దానికి నాలుగేళ్ళ కిందట కొలతలిచ్చి చేయించుకున్న తోలు హోల్‌స్టర్ (నడుముకి కట్టుకునే ఒర) గురించే ఈ గోడు.

"ప్లాస్టిక్‌ది చాలదా బావా?" అన్నాడు మా బావమరిది. వినలేదు. ఆర్డర్ ఫారంలో కనబడిన ప్రతిదానికీ టిక్ పెట్టాను. ముందుకి 15 డిగ్రీల వంపు, బొటనవేలితో విప్పే పట్టీ, మూతి మూసుకుపోకుండా లోపల రేకు, పైన బుట్ట అల్లిక అచ్చు. చివర్లో 35 డాలర్లు ఎక్కువిచ్చి స్వేడ్ లైనింగ్, అంటే లోపలివైపు నూగున్న మెత్తటి తోలు అస్తరు. ఐదు నెలలకి వచ్చింది. లోపల వేలు పెడితే పిల్లి పొట్ట నిమిరినట్టుంది. రివాల్వర్ చప్పుడు లేకుండా జారేది. తెలిసినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను.

రెండో ఏడు ఆగస్టులో నాన్న సంవత్సరీకానికి బందరు వెళ్ళాను. రివాల్వర్‌ని హోల్‌స్టర్‌తో సహా సేఫ్‌లో పెట్టి తాళం వేశాను. మూడు వారాల తర్వాత వచ్చి తీస్తే సిలిండర్ మీద గోధుమరంగు చుక్కలు, ఎవరో కాఫీ పొడి చల్లినట్టు. వేలితో రుద్దితే వేలికి అంటింది. బయలుదేరే ముందు నూనె పెట్టానే! ఆ నూనెని స్వేడ్ నూగు పీల్చేసుకుంది, బదులుగా నా చెమటని, హ్యూస్టన్ తేమని ఇనుముకి అద్దిపెట్టింది. నూనె వేసి 0000 స్టీల్ వుల్‌తో (అతి సన్నటి ఉక్కు పీచు) మెల్లగా రుద్దితే తుప్పు చాలావరకు పోయింది. ఆవగింజంత గుంట ఒకటి మాత్రం మిగిలింది, దాని చుట్టూ ఇనుము మీదుండే నీలి పూత కూడా లేచిపోయింది.

చేసినాయన్ని అడిగితే "తోలులో ఉంచి దాచకూడదు, అందరికీ తెలిసిందే" అన్నాడు. నిజమే, తప్పు నాదీ ఉంది. కానీ 35 డాలర్లు తీసుకునేటప్పుడు ఆ ముక్క నోట రాలేదేం?

మిగతావాటి మీద పెద్ద ఫిర్యాదు లేదు. మూతిలో రేకు బంగారం, ఇప్పటికీ ఒంటిచేత్తో తిరిగి పెట్టుకోవచ్చు. బుట్ట అల్లిక గీతల్ని బాగా దాస్తుంది, మురికిని కూడా అంతే బాగా దాస్తుంది. నల్లరంగు మొదటి వేసవిలో రెండు ఖాకీ ప్యాంట్లకి అంటుకుంది, అది మురిపెంలో అప్పుడు చెప్పలేదు.

మీది స్టెయిన్‌లెస్ అయినా, పొడి ఊళ్ళో ఉంటున్నా, రోజూ ఇంటికొచ్చి తీసి తుడిచే అలవాటున్నా స్వేడ్ మీకు నచ్చవచ్చు. నాకు చెమట ఎక్కువ, బద్ధకం ఇంకా ఎక్కువ. మళ్ళీ చేయిస్తే లైనింగ్ లేకుండా గుర్రపు తోలే అడుగుతాను. అప్పటిదాకా ఇదే. రాత్రిళ్ళు హోల్‌స్టర్ కొక్కేనికి వేలాడుతుంది, రివాల్వర్ సిలికోన్ గుడ్డలో పడుకుంటుంది.