‘క్లీన్ చేసి, సెట్ చేసి’ ఇస్తామనే తేలికపాటి రిమ్ బ్రేకులు: కొనేవాళ్లు జాగ్రత్త

రోడ్ బైక్‌కి, అంటే రేసింగ్ తరహా సైకిల్‌కి, లైట్‌వెయిట్ రిమ్ బ్రేకులు (చక్రం అంచుని, అంటే రిమ్‌ని, రబ్బర్లతో నొక్కి ఆపేవి) సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్ల కోసం ఇది. "పూర్తిగా క్లీన్ చేశాం, సెట్టింగ్ కూడా అయిపోయింది, బిగించుకుని తొక్కడమే" అన్న మాట ప్రకటనలో కనిపిస్తే వెంటనే డబ్బు కట్టేయకండి. నేను 11,000 పెట్టి తెప్పించుకున్న సెట్టులో ముందు బ్రేకు రబ్బర్లు తిరగేసి ఉన్నాయి. ఇంట్లో స్టాండు మీద పెట్టి చూశాను కాబట్టి బయటపడింది. అలాగే సింహాచలం ఘాట్ దిగుతూ బ్రేకు నొక్కి ఉంటే రబ్బరు హోల్డర్‌లోంచి జారి రోడ్డు మీద పడేది.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని గమనించరు. రోడ్ బ్రేకుల్లో రబ్బరు వేరు, దాన్ని పట్టుకునే లోహపు హోల్డర్ వేరు. హోల్డర్‌కి ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస తెరిచి ఉంటుంది. రబ్బరు అరిగితే తెరిచిన వైపు నుంచి లాగేసి కొత్తది తోస్తాం. చక్రం తిరుగుతున్నప్పుడు బ్రేకు దగ్గర రిమ్ ముందుకు కదులుతుంది, బ్రేకు పడగానే రబ్బర్ని కూడా తనతో ముందుకే లాగుతుంది. అందుకే మూసిన కొస ఎప్పుడూ ముందుకు ఉండాలి. కుడి, ఎడమ హోల్డర్లు తారుమారైతే తెరిచిన కొస ముందుకొస్తుంది. అప్పుడు ఆ రబ్బర్ని ఆపేది పక్కనున్న బుల్లి స్క్రూ ఒక్కటే. నాకొచ్చిన సెట్టులో ఆ స్క్రూలు నాలుగింటికీ లేవు! కడగడానికి విప్పినప్పుడు పోయాయో, బరువు తగ్గుతుందని కావాలనే తీసేశారో అమ్మినవాళ్లకే తెలియాలి.

బరువు సంగతి కూడా చెబుతాను. ప్రకటనలో జత 210 గ్రాములు అని ఉంది. మా వంటింటి కాటా మీద పెడితే 262 వచ్చింది. అడిగితే "అది ప్యాడ్స్ లేకుండా సార్" అన్నారు. రబ్బర్లు లేకుండా బ్రేకు పడదు కదా, ఆ లెక్క కొనేవాడికి ఎందుకు? కాటా మీద పెట్టిన ఫోటో అడగండి, అందులో హోల్డర్లు, రబ్బర్లు, బిగించే నట్లు అన్నీ ఉండాలి.

ఈ సరుకుకి ఇప్పుడు గిరాకీ ఎందుకంటే, కొత్త రోడ్ బైకులు దాదాపు అన్నీ డిస్క్ బ్రేకులకి వెళ్లిపోయాయి. 2018లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రోడ్ రేసుల్లో వాటికి పూర్తి అనుమతి ఇచ్చాక కంపెనీలు రిమ్ బ్రేకుల్ని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాయి. షిమానో కంపెనీ 105 అనే విడిభాగాల సెట్టు కూడా 12 స్పీడ్‌కి (వెనక 12 గేర్లకి) వచ్చేసరికి డిస్క్‌తోనే వచ్చింది. పాత బైకు ఇష్టపడి ఉంచుకున్న మనలాంటివాళ్లు మంచి క్యాలిపర్ (రిమ్‌ని రెండువైపులా పట్టే బ్రేకు భాగం) కావాలంటే సెకండ్ హ్యాండ్ వైపో, పేరులేని సరుకు వైపో చూడాల్సి వస్తోంది. అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక ఆ ‘క్లీనింగ్’. డబ్బా తెరవగానే తళతళ మెరిశాయి. దగ్గర పెట్టుకుంటే కార్ల డాష్‌బోర్డుకి కొట్టే పాలిష్ వాసన. అది రబ్బర్ల మీద కూడా పడింది. రబ్బరు మీద జిడ్డు ఉంటే అది రిమ్‌కి అంటుకుంటుంది, బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది. జిడ్డు లోపలికి ఇంకిందంటే ఆ రబ్బరు పారేయడమే మేలు. నేను అదే చేశాను. బయట అంత మెరుపు పెట్టినవాళ్లు బ్రేకు చేతులు (రబ్బర్లని రిమ్ మీదికి నొక్కే రెండు లోహపు ఆర్మ్‌లు) కదిలే పివట్‌లో, అంటే ఇరుసులో, మాత్రం చుక్క నూనె వేయలేదు. ఘాటైన డీగ్రీజర్‌తో ఉన్న గ్రీజు కూడా కడిగేసినట్టున్నారు. హ్యాండిల్ దగ్గరి బ్రేకు లివర్ వదిలితే ఒక చేయి టక్కున వెనక్కి వస్తోంది, రెండోది నత్తలా కదులుతోంది.

మా విశాఖలో ఇది మరీ ప్రమాదం. రుషికొండ, భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద తొక్కితే ఉప్పుగాలి స్టీలు స్ప్రింగునీ, కేబులునీ తినేస్తుంది. అల్యూమినియం బ్రేకు చేతుల్లో టైటానియం బోల్టులు గ్రీజు లేకుండా బిగిస్తే, ఆ ఉప్పు తేమకి కొన్నాళ్లకి పట్టేసుకుంటాయి, విప్పబోతే మరలు ఊడొస్తాయి. తేలిక సెట్లలో స్టీలు బోల్టులు తీసేసి టైటానియంవో, అల్యూమినియంవో వేస్తారు. అల్యూమినియం బోల్టు బ్రేకులో నాకు అస్సలు నచ్చదు. నీళ్ల సీసా పెట్టే బాటిల్ కేజ్‌కైతే పెట్టుకోండి.

నిజంగా క్లీన్ చేయడం పెద్ద పనేం కాదు. రబ్బర్లు విప్పి పక్కన పెట్టాలి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పాత టూత్ బ్రష్‌తో చేతుల సందుల్లో రుద్దాలి. ప్రెషర్ వాషర్ వద్దు. బాగా ఆరాక పివట్ దగ్గర పల్చటి నూనె ఒక్క చుక్క, స్ప్రింగు రాసుకునే చోట కాస్త గ్రీజు, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. రబ్బర్ల మీద మెరుపు తేలితే గరుకు కాగితంతో తేలిగ్గా గీకాలి. లోపల గుచ్చుకున్న అల్యూమినియం రవ్వల్ని పిన్నుతో పీకేయాలి, లేకపోతే అవే రిమ్‌ని గీరుతాయి. రిమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కార్బన్ రిమ్ ఉన్నవాళ్లు అల్యూమినియం మీద వాడిన రబ్బర్లు ముట్టుకోవద్దు, కార్బన్‌కి చేసినవే కొనండి.

సెట్టింగ్ విషయంలో వాళ్ల నిర్లక్ష్యానికి నా దగ్గర ఇంకో రుజువు ఉంది. ముందు క్యాలిపర్‌ని ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టుకునే భాగానికి) బిగించే నట్టు 10 మిల్లీమీటర్ల పొడవుది పంపారు. నా కార్బన్ ఫోర్కు మందానికి అది అందదు, మూడు చుట్లకే ఆగిపోయింది. బోల్టు లావు 6 మిల్లీమీటర్లు, కనీసం అంత లోతైనా మర పట్టాలి. "టైట్‌గానే ఉంది కదా" అంటారు. మూడు చుట్ల మీద కూడా టైట్‌గానే అనిపిస్తుంది, మర తెగే వరకు. ఈ నట్లు వేర్వేరు పొడవుల్లో దొరుకుతాయి, మీ ఫోర్కుకి సరిపోయేది తీసుకోండి.

బిగింపు లెక్క షిమానో క్యాలిపర్లకైతే ఇలా ఉంటుంది: ఫ్రేముకి 8–10 న్యూటన్ మీటర్లు, కేబుల్ పట్టే బోల్టుకి 6–8, రబ్బరు హోల్డర్‌కి 5–7. తేలిక సెట్లకి ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, ఆ కాగితం అడిగి తీసుకోండి. అది ఇవ్వలేనివాడి దగ్గర కొనకపోవడమే మంచిది. రబ్బరు పై అంచు రిమ్ అంచుకి 1 మిల్లీమీటరు కింద ఉండాలి, టైరుకి తగలకూడదు. ముందు కొస అర మిల్లీమీటరు ముందుగా తాకేలా పెడితే కీచుమనదు. అంతా అయ్యాక బైకు నిలబెట్టి లివర్‌ని బలమంతా పెట్టి పదే పదే నొక్కండి. కేబుల్ జారేదుంటే అప్పుడే జారుతుంది.

లివర్లు కూడా చూసుకోండి. షిమానోలో డ్యూరా-ఏస్ 7900 అనే సిరీస్ దగ్గర నుంచి కొత్త లివర్లు కేబుల్‌ని ఎక్కువ లాగుతాయి. వాటికి పాత లెక్కన చేసిన క్యాలిపర్ పెడితే లివర్ గట్టిగా తగులుతుంది, కానీ బ్రేకు బలహీనంగా పడుతుంది. నన్ను మాత్రం ఏ లివర్ వాడుతున్నారని కూడా అడగలేదు.

వాపసు అడిగితే మొదట "మీరే తప్పుగా బిగించారు" అన్నారు. డబ్బా తెరిచినప్పటి వీడియో పంపాక ఒప్పుకుని, ‘సర్వీస్ చార్జీ’ పేరుతో 1,800 కోసుకుని మిగతాది వేశారు. షాపు పేరు రాయడం లేదు, వస్తువు గుర్తులు చెబుతాను, ఎందుకంటే అదే సెట్టు మళ్లీ అమ్మకానికి పెట్టారు. నలుపు రంగు, చేతులు మధ్యలో బోలుగా కోసి ఉంటాయి, వెనక బ్రేకు క్విక్ రిలీజ్ (బ్రేకుని వదులు చేసే చిన్న మీట) కొస కొంచెం విరిగి ఉంటుంది, ముందు బ్రేకు ఎడమ చేయి లోపలివైపు అడ్డంగా ఒక గీత. ధర ఈసారి 12,500 అంటున్నారు. ఎవరైనా బేరం ఆడుతుంటే కొత్త రబ్బర్లు, స్క్రూలు, నట్ల ఖర్చు తగ్గించి అడగండి. చేతిలోకి వచ్చాక పివట్ దగ్గర కటకటమని ఆట (వదులు) కనిపిస్తే మాత్రం ఆ రోజే తిప్పి పంపేయండి.